చెరపవద్దు

సాయంత్రం నాలుగుంబావుకు లాంగ్ బెల్ మోగి, పిల్లలంతా యాకుత్‌పురా గల్లీల్లోకి చెదిరిపోయాక ఆ సర్కారు హైస్కూల్లో చదువు మొదలుపెట్టే మనిషి ఒకతె ఉంది. ఆమె పేరు ఆగమ్మ. ఆ బడిని ఊడ్చి తుడిచే ఔట్‌సోర్సింగ్ మనిషి.

పదో తరగతి గది తలుపు తోసుకుని లోపలికి రాగానే ఆమె చీపురు పట్టదు. బకెట్టు గుమ్మం దగ్గర దించి, తడి చేతులు కొంగుకు తుడుచుకుని మొదటి బెంచీలో కూర్చుంటుంది. బోర్డు మీద ఏముంటే అది పొల్లు పోకుండా తన పుస్తకంలోకి ఎక్కించుకుంటుంది. ఆ తర్వాతే తడిగుడ్డ పిండి బోర్డు తుడవడం. మధ్యాహ్నం అన్నం బెల్లులో ఒకసారి, సాయంత్రం ఒకసారి. జూన్‌లో బడి తెరిచిన రోజు నుంచి ఇదే వరస.

బోర్డులంటే అన్నీ ఒక్క తీరుగా ఉండవు. సైన్సు మేడం బొమ్మలు బాగా వేస్తుంది గానీ తుడిచి పోదు. ఆమె గుండె బొమ్మ వేసిన రోజున తర్వాతి పీరియడులో తెలుగు సార్ వచ్చి దాని మీదనే పద్యం రాసి పెట్టాడు. పద్యం కింది నుంచి గుండెను బయటికి లాగడానికి ఆగమ్మకు ముప్పావు గంట పట్టింది. చరిత్ర చెప్పే నుజహత్ మేడం సంవత్సరాలన్నీ ఒక గీత మీద వరసగా పేర్చి రాస్తుంది. అది రాసుకోవడం హాయి. ఇంగ్లీషు మాత్రం అక్షరాలను బొమ్మల్లా చూసి దించుకోవడమే. అర్థం తర్వాత ఎవరినన్నా అడిగి పక్కన రాసుకుంటుంది.

ఇక ఎకనామిక్స్. అది శ్రవణ్ సార్ చెబుతాడు, చెబుతాడని టైంటేబుల్లో ఉంది. పదో తరగతి బోర్డుకు ఎడమ పక్క ఒక మూల గీత గీసి డబ్బా కట్టాడు. డబ్బా మీద పెద్ద అక్షరాలతో 'చెరపవద్దు' అని రాశాడు. ఆ మాట పిల్లలకు కాదు, తనకేనని ఆగమ్మకు తెలుసు. డబ్బాలో ఇలా ఉంటుంది:

అసంఘటిత రంగం.
1. పనికి భద్రత ఉండదు.
2. సెలవులు ఉండవు.
3.

మూడు పక్కన ఏమీ లేదు. బోనాల సెలవు తెల్లారి రాశాడది. బోనాలు పోయాయి, ధూల్‌పేట్ నుంచి బయల్దేరిన గణపతులన్నీ నీళ్ళలో కలిసిపోయాయి, మూడోది మాత్రం రాలేదు. పైన తేదీని క్లాస్ లీడర్ రోజూ మారుస్తుంది. కింద ఆ రెండున్నర లైన్లూ అట్లాగే ఉంటాయి. ఆగమ్మ డబ్బా చుట్టూ జాగ్రత్తగా తుడుస్తుంది. పుస్తకంలో తేదీ వేసి, పక్కన 'నిన్నటిదే' అని రాస్తుంది. ఏది ముఖ్యమో ఏది కాదో తేల్చేందుకు నేనెవరిని, బోర్డు మీద ఉన్నది రాయడం వరకే నా వంతు అనుకుంటుంది ఆమె. అట్లా రెండు పేజీలు నిండాయి.

ఆ పుస్తకం సంగతి కూడా చెప్పాలి. పోయినేడు పిల్లలు చెత్తబుట్టలో పారేసిన నోటుబుక్కుల్లో మిగిలిన తెల్ల కాగితాలవి. వంట షెడ్డులో బియ్యం బస్తాల మూతి విప్పినప్పుడు వచ్చే దారంతో, దబ్బనం పెట్టి సబ్జెక్టుకొక కట్ట చొప్పున అయిదు కట్టలు కుట్టింది. అయిదింటినీ కలిపి మళ్ళీ అదే దారంతో, బస్తా మూతికి ఉన్నట్టే గొలుసుకుట్టు వేసి బిగించింది. సోమవారం నుంచి ఓపెన్ స్కూల్ పదో తరగతి పరీక్షలు. పాసైతే అటెండర్ పోస్టుకు కాగితం పెట్టుకోవచ్చు. నలభై రెండేళ్ళ వయసులో నడుము వంచకుండా చేసే పని ఒకటి ఉంటుందని ఆమెకు ఆ పుస్తకమే చెప్పింది. ఇంట్లో వేరే పుస్తకం లేదు.

మంగళవారం సాయంత్రం ఆమె కిరణజన్య సంయోగక్రియ రాసుకుంటుంటే శ్రవణ్ సార్ మరచిపోయిన ఫోను చార్జర్ కోసం వెనక్కి వచ్చాడు. ముప్పై అయిదేళ్ళ మనిషి, ఇస్త్రీ చొక్కా నలగదు.

"ఏంది ఆగమ్మా, కలెక్టర్ గిట్ల అయితవా?"

ఆమె గబుక్కున లేచి నిలబడింది. "సోమారం నుంచి పరీక్షలున్నయి సార్. ఓపెన్ పది."

ఆయన పుస్తకం అందుకుని పేజీలు జరజరా తిప్పాడు. గుండె బొమ్మ దగ్గర ఆగాడు. నుజహత్ మేడం గీత దగ్గర ఆగాడు. "ఇదంత నువ్వే రాసినవా?"

"బోర్డు మీదివే సార్. తుడిచేటప్పుడు రాసుకున్న."

ఆయన కాసేపు ఆలోచించాడు. "ఇది నా కాడ ఉండనియ్. చూసి ఇస్త."

ఆగమ్మకు ఎంత సంతోషమైందంటే, ఆ సాయంత్రం గది రెండుసార్లు తుడిచింది. సార్ తప్పులు దిద్ది ఇస్తాడనుకుంది పాపం.

బుధవారం మధ్యాహ్నం ఆమె స్టాఫ్ రూములో మాప్ పెడుతుంటే ఆ దిద్దుబాటు ఎట్లా ఉంటుందో కళ్ళారా చూసింది. శ్రవణ్ సార్ ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఎవరితోనో ప్లాటు సంగతి మాట్లాడుతున్నాడు. ఎడమ చేత్తో పేజీ తిప్పుతున్నాడు, కుడి చేతిలో ఎర్ర పెన్ను. పేజీ తిప్పడం, ఒక టిక్కు, కింద సంతకం. నాలుగు పేజీలకోసారి 'గుడ్'. "ఔను భాయ్, రోడ్డు ఫేసింగే కావాలె," అంటూ తెలుగు కట్ట దాటాడు. సైన్సు దాటాడు. మాప్ కర్ర పట్టుకుని ఆగమ్మ బల్ల పక్కకు వచ్చేసరికి ఎకనామిక్స్ కట్ట నడుస్తోంది. తేదీలు, నిన్నటిదే, నిన్నటిదే. ఆ పేజీ మీద టిక్కు పడింది. సంతకం పడింది. రెండో పేజీ మీద సంతకంతో పాటు గుడ్ కూడా పడింది.

ఆయన చదవడం లేదు. ఒక్క అక్షరం చదవడం లేదు. జూన్ నుంచి తనకు దొరికిన ప్రతి ముక్కనూ ఏరి దాచుకున్న పుస్తకం ఆయనకు ఎర్ర సిరా పూసేందుకు దొరికిన కాగితం అంతే.

ఫోను పెట్టేశాక ఆయన సొరుగులోంచి బ్రౌన్ పేపరు తీసి పుస్తకానికి అట్ట వేశాడు. గమ్ముతో లేబుల్ అంటించాడు. లేబుల్ మీద పేరు రాశాడు: ఆశ్రిత, పదో తరగతి.

"సార్, పుస్తకం అయిపోయిందా?"

"శుక్రవారం దాక ఆగు. తనిఖీ ఉన్నది. క్లాసుకు ఒక స్టూడెంట్ నోట్సు, అయిదు సబ్జెక్టులది, క్లాస్ టీచర్ సంతకాలతోటి చూపియ్యాలె. మన క్లాసుకు నీదే పెడ్తున్న. ఖుషీ చేస్కో."

"దాని మీద ఆశ్రిత పేరున్నది సార్."

"మరి స్వీపర్ నోట్సు అని పెట్టమంటవా?"

అవతలి బల్ల దగ్గర ఎవరో నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. ఆగమ్మ బకెట్టులో మాప్ ముంచి, పిండి, గుమ్మం దాకా తుడుచుకుంటూ వెనక్కి వచ్చింది. నోటికొచ్చిన మాటలన్నీ ఆ నీళ్ళలోనే కలిపింది.

ఆ పూట ఇంట్లో ఇస్సాకు ఎప్పటిలాగే ఏడింటికి మొహం కడుక్కుని గడప మీద కూర్చున్నాడు. ఆయన ఆగమ్మ మొగుడు, అఫ్జల్‌గంజ్‌లో హమాలీ. చదువు రాదు. అయినా పెళ్ళాం పరీక్ష ఆయనదే. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఏదో ఒక పేజీ తీసి "చెప్పు" అంటాడు. ఆమె గడగడా చెబితే ఒప్పు, ఆగి ఆగి చెబితే తప్పు. పేజీ తలకిందులుగా ఉన్నా ఆయనకు ఫరవాలేదు.

"పుస్తకమేది?"

"సార్ తీస్కున్నడు."

"ఎందుకు?"

"వేరే పిల్ల పేరు పెట్టి ఆఫీసర్లకు చూపిస్తడట."

ఇస్సాకు ఖాళీ చేతులు చూసుకున్నాడు. "నువ్వు రాసిన అక్షరాలను వాళ్ళ అక్షరాలంటే ఎట్ల?" అన్నాడు. "వాళ్ళకు చేతులు లేవా?"

ఆమె గుండె బొమ్మను గుర్తుతో చెప్పబోయి ఎడమ కర్ణిక దగ్గర ఆగిపోయింది. ఇస్సాకు తప్పనలేదు.

గురువారం ఉదయం వంట షెడ్డులో ఖుద్సియా బియ్యం బస్తా విప్పుతోంది. బడిలో మధ్యాహ్న భోజనం వండేది ఆమే. ఆగమ్మ కన్నా పదేళ్ళు పెద్ద, అందుకే ఆపా, అంటే అక్క, అని పిలుస్తుంది. బస్తా మూతి కుట్టులో సరైన కొస పట్టుకుని లాగితే ఆ చివర నుంచి ఈ చివర దాకా దారం సర్రున ఊడి వస్తుంది. తప్పు కొస పట్టుకుంటే ముడిపడి కూర్చుంటుంది. ఆ కొస పట్టడం ఆగమ్మకు నేర్పింది ఖుద్సియానే.

"సార్ ఏం చదవలేదు ఆపా," అంది ఆగమ్మ. "ఎకనామిక్స్ కాడ అంత నిన్నటిదే నిన్నటిదే అని ఉన్నది. దాని కింద సంతకం పెట్టిండు. రేపు ఆఫీసర్లు చూస్తే సార్ నౌకరికే వస్తది."

ఖుద్సియా దారాన్ని వేలికి చుట్టుకుంటూ నవ్వింది. "అల్లా. మరి నీకెందుకు ఫికర్? రానియ్."

"నా రాతతోటి ఒకలకు చెరుపు జరగొద్దు గద."

"నీకు చెరుపు జరిగితే ఎవలన్న ఆలోచిస్తున్రా? బోల్‌నా?" ఖుద్సియా గొంతు ఒక్కసారి గట్టిపడింది. "పొయ్యి చెప్పుకో. చెప్పి చూడు. నీకే తెలుస్తది."

ఆగమ్మ వెళ్ళింది. వరండాలో శ్రవణ్ సార్ పిల్లల చేత రంగుకాగితాలు అంటించిస్తున్నాడు. ఆమె పక్కకు వెళ్ళి నిలబడి గొంతు తగ్గించి అంది: "సార్, ఒక్క మాట. ఆ పుస్తకంల ఎకనామిక్స్ కాడ..."

"నువ్వు నాకు ఎకనామిక్స్ చెప్తవా?"

"కాద్సార్, అండ్ల నేను రాసింది..."

"ఆగమ్మా, మస్తు పనులున్నయి. బాత్రూములు కడిగినవా? రేపు ముందు ఆడికే వస్తరు."

ఆమె అక్కడి నుంచి కదలలేదు. "అయితే పుస్తకం ఇయ్యండి సార్. సోమారం తెలుగు పరీక్ష. ఇయ్యాల ఒక్క రాత్రి చదువుకోని పొద్దున తెచ్చిస్త."

"అట్ట నలుగుతది. తనిఖీ అయినంక గూడ దొరకదు. మంచి నోట్సులన్ని జిల్లా ఎగ్జిబిషన్‌కు తీస్కపోతరు. నెలకు వాపస్ వస్తయి."

"నెలకా?" ఆగమ్మ గొంతు పెరిగింది. రంగుకాగితాలు అంటిస్తున్న పిల్లలు తిరిగి చూశారు. "పరీక్ష సోమారమున్నది సార్. అది నా పుస్తకం."

శ్రవణ్ సార్ ఆమెను పైనుంచి కింది దాకా చూశాడు. "నీదని ఏడన్న రాసుందా?"

లేదు. నిజంగానే లేదు. అయిదు కట్టల్లో ఎక్కడా ఆమె పేరు రాసుకోలేదు. ఇంట్లో ఉన్న ఒక్క పుస్తకానికి పేరు ఎందుకు?

హెడ్మాస్టరమ్మ లక్ష్మీకాంతమ్మ దగ్గరికి కూడా వెళ్ళింది. ఆమె కళ్ళజోడు తీసి, ఆగమ్మ చెప్పిందంతా ఓపికగానే విన్నది. విని, "ఒక్క పుస్తకం కోసం బడి పరువు తీస్తవా ఆగమ్మా?" అన్నది. "వచ్చే నెల నీ కాంట్రాక్టు రెన్యువల్ ఉన్నది. నేనే సంతకం పెట్టాలె. యాదికున్నదా?"

యాదికున్నది. ఆగమ్మ బయటికి వచ్చి బాత్రూములు కడిగింది. ఆ రోజు ఆమె చేతిలో చీపురు ఎంత గట్టిగా నడిచిందంటే నేల మీద గచ్చు లేచి వస్తుందేమో అనిపించింది. బడి పరువట. బడి పరువు అయిదు కట్టల్లో కుట్టి పెట్టింది తను. ఆ పరువుకు అట్ట వేసి, మరొకరి పేరు రాసి, తనను అవతల నిలబడమంటున్నారు. సార్‌ను కాపాడదామని పోయినందుకు తనను తానే తిట్టుకుంది. ఇక చెప్పదు. ఎవరు అడిగినా చెప్పదు.

కడిగి వస్తుంటే కుళాయి దగ్గర ఆశ్రిత కనబడింది. రెండు జడల సన్నటి పిల్ల, క్లాస్ లీడర్. బోర్డు మీద తేదీ మార్చేది ఆమే.

"ఆంటీ, అది నేను రాయలేదని సార్‌కు చెప్పిన," అంది నేల చూస్తూ. "నోరు మూస్కొని కూసోమన్నడు."

"నీదేం తప్పు లేదు బిడ్డా," అంది ఆగమ్మ. ఆ మాట అనడం ఆమెకు సులువుగానే వచ్చింది. కోపమంతా ఎవరి మీదో ఆమెకు బాగా తెలుసు.

శుక్రవారం పదకొండు గంటలకు తనిఖీ అధికారి వచ్చాడు. తల నెరిసిన మనిషి, పక్కన ఫైళ్ళు మోసే గుమాస్తా. వంట షెడ్డు చూశాడు, బాత్రూములు చూశాడు, రిజిస్టర్లు చూశాడు. పదో తరగతికి వచ్చేసరికి పన్నెండయింది. బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి, మధ్యలో బ్రౌన్ అట్ట పుస్తకం పెట్టారు. ఆగమ్మ పళ్ళెంలో మంచినీళ్ళ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. వెనక ఆమె బకెట్టు, తడిగుడ్డ.

అధికారి పుస్తకం జోలికి పోలేదు. బోర్డు వైపు చూశాడు.

"ఇయ్యాల్టి తేదీ వేసున్నది. ఈ పాఠమే నడుస్తున్నదా?"

"ఔన్సార్," అన్నాడు శ్రవణ్ సార్.

"మూడోది ఏందమ్మా?" అని అధికారి ముందు బెంచీలో ఉన్న ఆశ్రితను అడిగాడు.

ఆశ్రిత లేచింది. "రాయలేదు సార్."

"రాయకపోతే ఏంది, చెప్పిన్రు గద? చెప్పు."

పిల్ల నోరు తెరిచి మూసింది. గదిలో ఎవరూ చెయ్యి ఎత్తలేదు. శ్రవణ్ సార్ చకచకా ముందుకు వచ్చాడు. "భయపడుతున్నది సార్. నోట్సుల అంత ఉన్నది. ఈ అమ్మాయి నోట్సే ఇది, చూడండి," అని పుస్తకం తానే తీసి, తానే తెరిచి, ఎకనామిక్స్ కట్ట దాకా తానే తిప్పి అధికారి చేతిలో పెట్టాడు.



అధికారి మొదటి పేజీ చదివాడు. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చదివాడు. తర్వాత పైకే చదవడం మొదలుపెట్టాడు. "జూలై ఇరవై తొమ్మిది. చెరపవద్దు. మూడోది రాయలేదు. జూలై ముప్పై. నిన్నటిదే. జూలై ముప్పై ఒకటి. నిన్నటిదే. ఆగస్టు ఒకటి. నిన్నటిదే." గొంతులో ఏ రంగూ లేకుండా హాజరు పిలుస్తున్నట్టు చదువుతూ పోయాడు. వెనక బెంచీలో ఎవడో కిసుక్కుమన్నాడు. రెండో పేజీ తిప్పాడు. "సెప్టెంబరు పదిహేను. నిన్నటిదే. పదహారు. నిన్నటిదే." ఆగి, కింద వేలు పెట్టాడు. "ఈ సంతకం మీదేనా?"

శ్రవణ్ సార్ ఇస్త్రీ చొక్కా వీపు మీద అంటుకుపోయింది.

"గుడ్ అని కూడ పెట్టిన్రు," అన్నాడు అధికారి. పిల్ల వైపు తిరిగాడు. "ఇది నువ్వు రాసినవా అమ్మా?"

ఆశ్రిత కళ్ళు గుమ్మం వైపు పోయాయి. పిల్ల పెదవి వణకడం ఆగమ్మ చూసింది. ఎవరడిగినా చెప్పొద్దని నిన్న పెట్టుకున్న ఒట్టు అక్కడితో పోయింది.

"నేను రాసిన సార్."

లక్ష్మీకాంతమ్మ ఒక్క అడుగు ముందుకు వేసింది. "మా స్వీపర్ సార్. ఆమెకేం తెల్వదు. ఆగమ్మా, నువ్వు బయటికి పో."

"ఉండనియ్యండి. నువ్వెందుకు రాసినవమ్మా, రోజు నిన్నటిదే అని?"

"రోజు చూసిన సార్. చూసింది రాసిన. రాసుకున్నంకనే బోర్డు తుడుస్త. ఇది తుడవొద్దన్నరు."

అధికారి తలాడించాడు. పుస్తకం మూసి గుమాస్తాకు అందించాడు. "దీన్ని రిపోర్టుకు జత చెయ్. ఒరిజినలే కావాలె." ఆగమ్మ వైపు చూసి మెచ్చుకోలుగా అన్నాడు: "మంచి పని చేసినవమ్మా. ఎంక్వయిరీ అయినంక వాపస్ పంపిస్తం."

గుమాస్తా దాన్ని ఫైళ్ళ మధ్య దూర్చాడు.

అప్పుడు వచ్చింది ఆగమ్మకు అసలు కోపం. ఒకడు పేరు మార్చి తీసుకున్నాడు, ఇంకొకడు మెచ్చుకుని తీసుకుపోతున్నాడు. ఇద్దరికీ పనికొచ్చింది పుస్తకం. అది చదువుకునేందుకు రాసుకున్నదని ఇద్దరిలో ఒక్కడికీ తట్టలేదు.

ఆమె పళ్ళెం బెంచీ మీద పెట్టింది. నడిచి వెళ్ళి గుమాస్తా ఫైళ్ళలోంచి పుస్తకం లాక్కుంది. "అరె, అరె," అన్నాడతను. ఆమె బ్రౌన్ అట్టను ఒక్క లాగు లాగింది. లేబుల్ రెండు ముక్కలయింది. వెనక దారం కొసలు రెండు కనబడ్డాయి. సరైన కొస పట్టుకుని లాగింది. సర్రున ఊడి వచ్చింది. తెలుగు, సైన్సు, చరిత్ర, ఇంగ్లీషు కట్టలు చంకలో పెట్టుకుంది. మిగిలిన పల్చటి కట్టను తెల్లగుడ్డ మీద అధికారి ముందు పెట్టింది.

"మీకు కావల్సింది ఇదే గద సార్. ఇది తీస్కపోండ్రి. ఇండ్ల నేను చదువుకునేటిది ఏం లేదు."

రెన్యువల్ సంతకం పెట్టాల్సిన మనిషి ఎదురుగానే ఉంది. ఆగమ్మ ఆమెను చూసే వెనక్కి నడిచింది. గుమ్మంలో వంగి బకెట్టులోంచి గుడ్డ తీసి పిండింది. నాలుగు కట్టలను ఎడమ చంకలో బిగించుకుని బోర్డు దగ్గరికి వెళ్ళింది.

మొదట 'చెరపవద్దు' పోయింది. తర్వాత డబ్బా గీత. రెండు నెలల సుద్ద ఒక్క తుడుపుకు పోలేదు. గుడ్డ మడత మార్చి మళ్ళీ గట్టిగా రుద్దాల్సి వచ్చింది. భద్రత, సెలవులు, ఖాళీగా ఉన్న ఆ మూడు, అన్నీ తెల్లటి నీళ్ళయి కిందికి కారాయి.

"ఏం చేస్తున్నవ్ ఆగమ్మా?" అన్నాడు శ్రవణ్ సార్.

"బోర్డు తుడుస్తున్న సార్," అంది ఆమె వెనక్కి తిరగకుండానే. "రాయండ్రి ఇగ."